ముప్పై ఏడు మిల్లీమీటర్లు

నవంబరు 16, ఆదివారం
మధ్యాహ్నం

చిరంజీవి బావమరిదికి,

పెద్దవాణ్ణి కాబట్టి ఆశీస్సులతోనే మొదలుపెడుతున్నాను. మీ అక్క ఉంటే మరో రకంగా మొదలుపెట్టనివ్వదు. ఇక్కడ నేను క్షేమం. అత్తయ్య క్షేమం, మా ఇంట్లోనే ఉన్నారు. నీ క్షేమం అడగడం మర్యాద. ఈసారికి అడగను.

నీ ఉత్తరం నిన్న అందింది. నాలుగు పేజీలు రాశావు. ఆ నాలుగు పేజీల్లో నువ్వు అడిగింది ఒక్కటే. ఆ రోజు పొద్దున ఫోన్ పెట్టేశాక అక్క నా గురించి ఇంకేమైనా అందా, ఒక్క మాటైనా సరే చెప్పు బావా అన్నావు. చెప్తాను. ముందు ఆ రోజు సంగతి వరసగా రాస్తాను. ఒక్కొక్కరి నోటా ఒక్కో ముక్క విని ఉంటావు.

అక్టోబరు పద్నాలుగు, మంగళవారం. మీ అక్క అయిదున్నరకి లేచింది. టీ పెట్టింది. ముందు గదిలో స్టాండు మీదున్న తన సైకిల్ చెయిన్‌కి నూనె వేసింది. టైర్లు లేని సైకిల్‌కి నూనెందుకు అన్నాను. రోడ్డెక్కని బస్సుకి కూడా డిపోలో రోజూ ఇంజను స్టార్ట్ చేస్తారు, మీ కాలేజీలో ఈ పాఠం చెప్పరా అంది. పెడల్ చేత్తో తిప్పింది. ఉత్త రిమ్ము గిర్రున తిరిగింది. అది ఆగేదాకా చూస్తూ కూర్చుంది.

ఎనిమిదీ పదికి నీకు ఫోన్ చేసింది. నేను పక్కనే బూట్లు తొడుక్కుంటున్నాను. అయిదు నెలల్లో రెండు టైర్లు పంపలేనివాడివి నీకు సైకిల్ కొట్టెందుకురా, గొడుగులు బాగుచేసుకో పో అంది. ఇక నీ మొహం చూడను అంది. నువ్వేదో అనబోయావు. పెట్టేసింది.

ఎనిమిదీ నలభైకి నేను కాలేజీకి వెళ్ళాను. పదకొండుంపావుకి ఆమె ఇంటికి తాళం వేసి డిపోకి నడిచి వెళ్ళింది. పన్నెండు నిమిషాల నడక. పార్సిల్ కిటికీ దగ్గర గుమాస్తాతో మాట్లాడింది. తర్వాత బెంచీ మీద కూర్చుంది. ఊపిరి తీసుకోవడానికి కూర్చుందనుకున్నాడు గుమాస్తా. పదకొండూ యాభైకి పక్కకి ఒరిగింది. బయల్దేరబోతున్న బస్సు డ్రైవరు ఆమెని చేతుల మీద ఎత్తుకుని, ఉన్న ప్యాసింజర్లతోనే బస్సుని ఆసుపత్రికి తిప్పాడు. డిపోలో టైమ్‌కీపరుగా పనిచేసిన అన్నేళ్ళలో మీ అక్క ఆ డ్రైవరు పేరుకెదురుగా లేటు అని ఎర్ర సిరాతో ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు.

నేను ల్యాబ్‌లో ఉన్నాను. ఫోన్ సంచిలో ఉంది, మోగకుండా పెట్టాను. పన్నెండూ ఇరవైకి అటెండరు వచ్చి పిలిచాడు. ఆసుపత్రికి చేరేసరికి పన్నెండూ యాభై. డాక్టరు వరండాలోకి వచ్చి, పన్నెండూ ముప్పై ఒకటికి అన్నాడు. గుండె అన్నాడు.

అదీ ఆ రోజు. ఇందులో నేను కలిపింది లేదు, తీసేసింది లేదు.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేసింది, నా టిఫిన్ డబ్బా నా చేతికిచ్చింది. నీ గురించి మీ అక్క ఆఖరి మాట నువ్వు ఫోన్‌లో విన్న మాటే. అదే నీకు మిగిలింది. నాలుగు పేజీలు కాదు, నలభై రాసినా దానికి మరో మాట చేరదు.

కఠినంగా ఉందా? ఉండనీ.

ఆమె అడిగిందేమిటి నిన్ను? నగలడిగిందా, నాణేలడిగిందా? ముప్పై నాలుగేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని ఊళ్ళవాళ్ళందరి ప్రయాణాలకీ టైము వేసిన మనిషి. జూన్ ముప్పైన ఉద్యోగం అయిపోతుంది, అయిపోయాక ఒక్క ప్రయాణం నా టైము ప్రకారం నేను చేస్తాను అంది. నది పుట్టిన కొండ నుంచి సముద్రం దాకా, నది కట్ట వెంబడే, సైకిల్ మీద. పదకొండు వందల కిలోమీటర్లు, ఇరవై రెండు రోజులు. డిపో డ్యూటీ చార్టు లాగే కాగితం మీద గళ్ళు గీసింది. తొమ్మిదో రోజు, బయల్దేరుట ఆరూ పది, చేరుట పదకొండూ నలభై, మధ్యలో టీకి ఇరవై నిమిషాలు. పైన డ్రైవరు అన్నచోట తన పేరు, కండక్టరు అన్నచోట నా పేరు రాసింది. కండక్టరు ముందు పోవడానికి వీల్లేదని కింద సూచన.

నా సైకిల్ పాతది, మొదటి నుంచీ లావు టైర్లది. దానికి గొడవ లేదు. ఆమెది నువ్వు స్వయంగా కట్టావు. ఫ్రేము బాగుంది. చక్రాలు బాగా అల్లావు, ఒక్క స్పోకు వదులు లేదు. అది నేను కాదనను. అన్నీ చేసి టైర్ల దగ్గర మీనమేషాలు లెక్కపెట్టావు.

మొదటి జత మే నెలలో పంపావు. ఇరవై ఎనిమిది. సగం దారి కంకర మీద, వెనక రెండు సంచులు వేలాడదీసుకుని ఇరవై రెండు రోజులు పోవాల్సిన మనిషికి ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల టైరు. మనిషీ, సైకిలూ, సామానూ కలిపి తొంభై అయిదు కిలోలు. అంత బరువు మోయాలంటే అంత సన్న టైరుకి రాయిలా గాలి కొట్టాలి. రాయిలా కొడితే దారిలో ఉన్న ప్రతి గులకరాయీ మణికట్టులో పలుకుతుంది. సాయంత్రానికి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఫోన్ చేసి ఇదే చెప్పాను. నువ్వేమన్నావు? సన్న టైరుది పరుగు బావా, లావు టైరుది ఓర్పు, అక్కకి ఏది కావాలో అడుగు అన్నావు. మీ అక్క పక్కనుంచి, నాకు పరుగు అక్కర్లేదు, ఓర్పు డిపోలోనే అయిపోయింది, మధ్యరకం ఉంటే పంపమనండి అని అరిచింది. మీరిద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు.

నీ కొట్లో కొక్కేనికి ఏది వేలాడుతుంటే అది ఇచ్చెయ్యడం కాదు టైరు ఎంచడమంటే. దారి ఎలాంటిది, బరువెంత, రిమ్ము వెడల్పెంత, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్ళ మధ్య చోటెంత. దారీ బరువూ లావు టైరు కావాలంటాయి. రిమ్మూ ఫోర్కూ ఇంతకు మించి వద్దంటాయి. ఆ రెండు తగాదాల మధ్య ఒక అంకె ఉంటుంది. ఆ అంకె పట్టుకోవడమే నీ వృత్తి. మీ అక్క సైకిల్‌కి ఫోర్కు కాళ్ళ మధ్య యాభై రెండు మిల్లీమీటర్లు. టైరుకి అటూ ఇటూ ఆరేసి ఖాళీ ఉండి తీరాలి. లేకపోతే ఏ గులకరాయో దూరి చక్రం బిగుసుకుంటుంది, మనిషి హ్యాండిల్ మీంచి బోర్లా పడుతుంది. ఈ లెక్క మా ఫస్టియర్ పిల్లలు కూడా వేస్తారు.

రెండో జత జూలై మొదటి వారంలో వచ్చింది. ముప్పై ఏడు. పార్సిల్ మీ అక్కే డిపో నుంచి తెచ్చింది. టైరు గోడ మీద అచ్చేసిన అంకె వేరు, రిమ్ము మీదికెక్కి గాలి నిండాక తేలే వెడల్పు వేరు. అది నీకు తెలియంది కాదు. వెర్నియర్ పెట్టి కొలిచాను. నలభై ఒకటి తేలిందని, అటూ ఇటూ అయిదున్నర మించి మిగలదని నీకు రాసి వాపసు పంపాను. నువ్వు నమ్మలేదు. ఆ ఫోర్కు నేను వందసార్లు కొలిచాను బావా, నీ వెర్నియర్‌కి జ్వరమొచ్చిందేమో నుదురు పట్టి చూడు అన్నావు.

మూడో జత ఆగస్టు నెల మధ్యలో. ముప్పై రెండు. కంకర మీద రిమ్ముకి దెబ్బ తగులుతుందన్నాను. తొక్కేది అక్క, గోల నీది, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అన్నావు. కొట్టుకి వచ్చిపోయేవాళ్ళందరికీ మిల్లీమీటరు బావ అని చెప్పి నవ్వించావట. నవ్వించు. ఈలోగా సెప్టెంబరు ఒకటి వచ్చింది, పోయింది. ఆ రోజు పొద్దున ఆరూ పదికి బయల్దేరాల్సింది ఆమె. చార్టు మీద ఆ తేదీ కొట్టేసి పెన్సిల్‌తో అక్టోబరు ఒకటి అని రాసింది. తర్వాత అదీ కొట్టేసి నవంబరు అని రాసింది. ఉద్యోగంలో ఎప్పుడూ ఒక్క టైము దిద్దలేదని గొప్పగా చెప్పుకునేది. దిద్దిన చోట కాగితం అరిగిపోయింది.

నాలుగో జత సెప్టెంబరు ఆఖరున. నలభై రెండు. ఇది కోపంతో పంపావు. కొలవకుండా పంపావు. నా వెర్నియర్ అక్కర్లేకపోయింది. మీ అక్క టైరుకీ ఫోర్కుకీ మధ్య చిటికెన వేలు పెట్టింది. దూరలేదు. అప్పటిదాకా ఎవరేమన్నా నిన్ను వెనకేసుకొచ్చిన మనిషి. వాడు పనిమంతుడండీ, ఏదో పొరపాటు, మీరు ఊరికే ఉండండి అనే మనిషి. ఆ రోజు వేలు తీసి గుడ్డకి తుడుచుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఇక నీ వైపు మాట్లాడలేదు.

ఇప్పుడు చెప్పు, ఆ ఫోన్‌లో ఆమె అన్నది అన్యాయమా?

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి నువ్వు వచ్చావు. చెప్పకుండా బయల్దేరావు. జరిగింది నీకు తెలియదు. భుజాన సంచీ, సంచీలో మూడు జతల టైర్లు, చేతిలో పంపు. ఏది పడితే అది బిగించి, అక్క చేత నాలుగు తిట్లు తిని వెళ్దామని వచ్చానన్నావు. ఇంటి ముందు చెప్పులు చూసి గేటు దగ్గరే ఆగిపోయావు. మూడు జతలు ఒకే రోజు మోసుకురాగలిగినవాడివి జూలైలో ఎందుకు రాలేదు? బస్సులో మూడు గంటల దారి. అక్క పిలవలేదా? బావ మీద కోపమా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మా ఊళ్ళోనే చుట్టాలింటికొచ్చి ఉండి, కబురందగానే వచ్చేసిన అత్తయ్య నిన్ను చూసి లేచారు. టైర్లు తెచ్చావా నాయనా, ఇప్పుడెవరికి తగిలిస్తావు అన్నారు. అంతమందిలో అన్నారు. నువ్వు నా మొహం చూశావు. నేను ఏదైనా అంటానని చూశావు కాబోలు. నేనేమీ అనలేదు. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? కూతురు నోరు తెరిచి అడిగింది రెండు రబ్బరు టైర్లు. కొట్టంతా అవే పెట్టుకుని కొడుకు ఇవ్వలేకపోయాడు. తల్లి ఆ మాట అనకపోతే ఎవరంటారు?

ఆవిడ నీ ఇంటికి తిరిగి రానన్నారు. ఇక్కడే ఉండమన్నాను. నీ ఫోన్ వస్తే చూసి బోర్లా పెట్టేస్తున్నారు. నీ భార్య రెండుసార్లు వచ్చి బతిమాలింది. వాడితో నాకు మాటల్లేవని చెప్పి పంపించారు. నేను అడ్డం పడలేదు, పడను.

నీ ఉత్తరంలో తప్పంతా నాదే బావా అని మూడుసార్లు రాశావు. అలా మూడుసార్లు రాస్తే తప్పు అరిగి చిన్నదవుతుందా? ఆమె ఆ పార్సిల్ కిటికీ దగ్గరికి నడిచి వెళ్ళింది ఎందుకు? ఇంట్లో కూర్చోవచ్చు కదా. టైర్ల కోసమే కదా వెళ్ళింది. అయిదు నెలలుగా టైర్లు తప్ప ఈ ఇంట్లో మరో మాట లేదు. ఉద్యోగం నుంచి బయటపడ్డ మనిషి తిరిగి ఆ ఉద్యోగం బెంచీ మీదే పోయింది. నది చూడలేదు. కట్ట చూడలేదు. ఆ సైకిల్ మీద మా వీధి చివరి దాకా కూడా పోలేదు.

ఆ సైకిల్ ఇమ్మని అడిగావు. ఇవ్వను. అత్తయ్యకి ఫోన్ చెయ్యకు. మళ్ళీ ఉత్తరం రాయకు.

బావ అని సంతకం చెయ్యబుద్ధి కావడం లేదు.

ఇట్లు,
మీ అక్క భర్త

తా.క.

సంతకం చేసి కవరు కోసం లేచాను. అత్తయ్య వచ్చి ఎవరికి అని అడిగారు. నీకని చెప్పాను. మంచిపని చేశావు నాయనా, నా తరఫున కూడా ఒక ముక్క రాయి అన్నారు. చెప్పండి అన్నాను. నాకున్నది ఒక్క కూతురు, అది పోయింది, కొడుకనేవాడు లేడు, రేపు నేను పోతే వాడికి కబురు పెట్టేది లేదు, అలాగే రాయి అన్నారు. రాశావా అన్నారు. రాస్తున్నాను అన్నాను. ఆవిడ వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు. కలం పట్టుకుని అరగంట కూర్చున్నాను. ఆ వాక్యం రాయడం నా వల్ల కాలేదు. దాని బదులు ఇది రాస్తున్నాను.

ముప్పై ఏడు సరిపోయింది.

నలభై ఒకటి కాదు. వెర్నియర్‌లో ముప్పై ఏడూ పాయింటు నాలుగు. అటూ ఇటూ ఏడు మిల్లీమీటర్ల పైన ఖాళీ. నువ్వు పట్టుకున్న అంకె సరైనది. రెండో జతకే పట్టుకున్నావు. మీ అక్క నీ భార్యకి ఫోన్ చేస్తూ పెరట్లో ఉంది. నేను తలుపు దగ్గరికి వేసి, బిగించి, గాలి కొట్టి, మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అదే. విప్పేశాను. ఆమె లోపలికి వచ్చి ఏమైంది అంది. నలభై ఒకటి అన్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి కొలతలు నేర్పిన మనిషి మాట. ఆమె ఎందుకు అనుమానిస్తుంది?

దానికి వారం ముందు, ఆమె రిటైర్మెంటు పరీక్షల రిపోర్టులు తీసుకురావడానికి నేను వెళ్ళాను. ఆమె డ్యూటీలో ఉంది. డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. గుండెలో కవాటం బాగా పాడైంది, ఆపరేషన్ చెయ్యొచ్చు గానీ గ్యారంటీ ఇవ్వలేను, మాత్రలు వాడాలి, ఇంట్లో తిరగొచ్చు, ఊళ్ళో నడవొచ్చు, మీరు చెప్పే నది ప్రయాణం మాత్రం ప్రమాదం అన్నాడు. ఆవిడకి ఇవాళే చెప్పండి, ఆపరేషనా, మాత్రలా, ప్రయాణమా, తేల్చుకోవాల్సింది ఆవిడ అన్నాడు. చెప్తానన్నాను. చెప్పలేదు. మాత్రలు రక్తపోటుకన్నాను. చెబితే రెండిట్లో ఒకటి జరుగుతుంది. అయినా సరే వెళ్తానంటుంది, లేదా భయపడి మంచమెక్కుతుంది. నాకు రెండూ వద్దు. అందుకని తేల్చుకోవాల్సింది ఆమె అయితే, నేను తేల్చేశాను. టైరు దొరకనంత కాలం ప్రయాణం ఉండదు. ప్రయాణం లేకపోతే ఆమె ఉంటుంది. అంత చిన్న లెక్క.

ముప్పై రెండుకి కూడా వంక పెట్టాను. నిజానికి గాలి కాస్త ఎక్కువ కొడితే దానితోనూ వెళ్ళొచ్చు. నలభై రెండు ఒక్కటే నీ తప్పు. అదీ నేను విసిగించి చేయించిన తప్పు.

సైకిల్ మీద పోతుందేమోనని భయపడ్డాను. బెంచీ మీద పోయింది. నేను కాపాడింది ఏమిటో నువ్వే చెప్పు. నాలుగు నెలలు ఆమె చేత చార్టు దిద్దించాను. తమ్ముడి మీద మనసు విరిచాను. అది కూడా నా చేత్తో కాదు, నీ టైర్లతో. నువ్వు తిట్లు తిన్నావు, నేను టిఫిన్ డబ్బా పట్టుకుని కాలేజీకి వెళ్ళాను. గేటు దగ్గర నువ్వు నా మొహం చూసినప్పుడు నేను ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట ఈ నెల రోజులుగా రోజూ మింగుతున్నాను. నీ మీద అరుస్తూ ఇన్ని పేజీలు రాస్తే అది కిందికి దిగుతుందనుకున్నాను. ఇంతకన్నా సిగ్గులేనితనం నాకు తెలియదు.

పైన నేను తీసేసింది లేదన్నాను. తీసేసింది ఉంది.

ఫోన్ పెట్టేశాక ఆమె అంది. ఊరికే అరిచాను వాడి మీద, వాడు టిఫినైనా తినకుండా కూర్చుని ఉంటాడిప్పుడు అంది. తర్వాత నన్నడిగింది, ఏమండీ, ముప్పై ఏడు మీరు కొలిచినప్పుడు ఎంత తేలింది అని. నలభై ఒకటి అన్నాను. వాడు ఫోర్కు కొలవకుండా పంపే రకం కాదే అంది. నా మొహం కాసేపు చూసింది. సరే అంది. డబ్బా ఇచ్చింది. ఆ చూపులో ఏముందో నేను ఇప్పటికీ కొలుస్తున్నాను.

డిపోకి వెళ్ళింది పార్సిల్ వచ్చిందా అని అడగడానికి కాదు. నీకు చీటీ పంపడానికి. నీ ఊరు వచ్చే బస్సులో ఇవ్వమని గుమాస్తా చేతికిచ్చింది. ఆ గందరగోళంలో వాడి దగ్గరే ఉండిపోయింది. తర్వాతి వారం ఆమె గొడుగు కోసం వెళితే గొడుగుతో పాటు చీటీ నా చేతిలో పెట్టాడు. నీ పేరుకి రాసిన చీటీ. మూడు వారాలుగా నా దగ్గర దాచాను. నువ్వు దాని కోసం నాలుగు పేజీలు రాసి అడిగితే, ఏమీ అనలేదని రాశాను. ఇప్పుడు ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను. దాని మీద ఉన్నది ఇది.

తమ్ముడూ, ముప్పై ఏడు మళ్ళీ పంపు. ఈసారి నేనే కొలుస్తాను. పొద్దున అన్నవి మనసులో పెట్టుకోకు. అక్క.

పైన రాసిన పేజీలు చింపేద్దామనుకున్నాను. చింపను. నీ గురించి నేను ఏమేం రాయగలనో నువ్వు చదవాలి. చదివాక నన్ను ఏమన్నా పడతాను. క్షమించమని అడగను. అడిగితే నువ్వు సరేనంటావు. నీ బుద్ధి నాకు తెలుసు. అంత తేలిగ్గా తెమలకూడదు.

సైకిల్ నీది. ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళు.

రేపు ఉదయం అత్తయ్య టీ తాగాక, ఈ ఉత్తరం మొదటి అక్షరం నుంచి ఇక్కడిదాకా ఆవిడకి చదివి వినిపిస్తాను. చదివాక నాతో వస్తానంటే ఎనిమిదీ పది బస్సులో నేనే నీ ఇంటికి తీసుకొస్తాను. నా పక్కన కూర్చోనంటే, ముందు సీట్లో కూర్చోబెట్టి, డ్రైవరుకి అప్పగించి, చీటీతో సహా ఈ కవరు ఆవిడ చేతికిచ్చి, బస్సు కదిలేదాకా కింద నిలబడతాను.